కాళ్ళ కింద తడి

"అమ్మాయ్, నీళ్ళ సీసా ఒలకబోశావా? కాళ్ళ కింద తడితడిగా ఉంది," అంది అత్త, ఇస్త్రీ పెట్టె మీంచి తలెత్తకుండానే.

కోడలు తన బల్ల దగ్గర దిండు గలీబులు మడత పెడుతోంది. నీళ్ళు చల్లే సీసా ఆమె మోచేతి పక్కనే నిలబడి ఉంది, మూత కూడా బిగించే ఉంది.

"నేనేం ఒలకబోయలేదు. మీరే చల్లుకుని ఉంటారు."

"నేను చల్లుకుంటే నాకు తెలీదా? చెవులు కాస్త తగ్గాయి గానీ, బుర్ర ఎక్కడికీ పోలేదు."

కోడలు ఇంకో గలీబు అందుకుంది. జవాబు చెబితే దానికి ఇంకోటి వస్తుంది. వాళ్ళింటి ముందుగదే వాళ్ళ ఇస్త్రీ దుకాణం. రెండు బల్లలు, రెండు పెట్టెలు, గోడ వారన మూటలు. పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా అత్తాకోడళ్ళు ఎదురెదురుగా నిలబడే పని చేస్తారు. కొడుకు స్కూటర్ మీద మూటలు తెచ్చి పడేస్తాడు, మడతలు పట్టుకుపోతాడు. అత్తకి చెయ్యీ ఊరుకోదు, నోరూ ఊరుకోదు. పక్క వీధి మంగలి నుంచి వాతావరణం దాకా ఆవిడ తిట్టనిది లేదు. ఆ ధోరణికి కోడలు ఎంతగా అలవాటు పడిపోయిందంటే, రేడియో మోగుతున్న ఇంట్లో రేడియో వినపడనట్టే, ఆవిడ మాటలూ సగం వినపడవు.

ఆ రోజు లాడ్జి దుప్పట్ల పని. తెల్లటివి, పెద్దవి, మధ్యాహ్నానికల్లా అందాలి. మొదటి విడత తీసుకుని కొడుకు అప్పుడే వెళ్ళాడు.

"అబ్బ, చెప్పు జారుతోందే! చూడవే ఒకసారి," అని అత్త మళ్ళీ విసుక్కుంది.

కోడలు గలీబు కింద పెట్టి, బల్ల కిందికి వంగి చూసింది.

గచ్చు మీద ఏదో నల్లగా మెరుస్తోంది. అంచుల్లో మాత్రం ఎర్రగా ఉంది. ఎవరి చొక్కాకో రంగు దిగిందనుకుంది ముందు. అది నిజంగానే ఆమెకి వచ్చిన మొదటి ఆలోచన. కొత్త ఎర్ర బట్టేదో తెల్ల దుప్పట్ల మూటలో కలిసిపోయి ఉంటుంది, ఇక లాడ్జి వాళ్ళు మనల్ని బతకనివ్వరు, అనుకుంది. తర్వాత ఆ ఎరుపు కదలడం కనిపించింది. అత్త నైటీ అంచు కిందనుంచి బయలుదేరి, చెప్పు చుట్టూ తిరిగి, గచ్చు వాలు పట్టుకుని గుమ్మం వైపు మెల్లగా పారుతోంది.

ఆమె నైటీ అంచు పట్టుకుని పైకెత్తింది. సన్నటి ధార ఒకటి పిచికారీలా వచ్చి ఆమె చెంప మీద పడింది. వెచ్చగా ఉంది.

అరుద్దామనుకుంది. గొంతులోంచి గాలి వచ్చింది గానీ శబ్దం రాలేదు.

"ఏంటే, దెయ్యాన్ని చూసినట్టు..." అంటూ అత్త కిందికి చూసింది. ఆ తర్వాత, ఎవరి వస్తువో వాళ్ళకి అప్పగించేవాళ్ళు అడిగినట్టు, అడిగింది:

"ఇది నాదా?"

"అత్తయ్యా..."

"నాదేనా ఇది? మరి నొప్పి లేదే!"

చీలమండకి కాస్త పైన, లోపలి వైపు, ఎప్పట్నుంచో ఒక పొక్కు ఉండేది. అది దురద పెడితే అత్త రెండో కాలి బొటనవేలితో గోక్కునేది. పని చేస్తూనే, మాట్లాడుతూనే. ఆ పొద్దున కూడా అలాగే గోక్కుని ఉంటుంది. పొక్కు ఊడిపోయింది. దాని కింద ఉబ్బి ఉన్న నరం చిట్లింది. చిట్లిన చోటు మినప గింజంత కూడా లేదు. అంత చిన్న కన్నంలోంచి అంత నెత్తురు ఎలా వస్తుందో కోడలికి అర్థం కాలేదు.

"కూర్చోండి, కూర్చోండి!" అని ఆమె అత్తని లాగి స్టూలు మీద కూర్చోబెట్టింది. కాలు కిందికి వేలాడింది. ధార ఆగలేదు సరికదా, ఇంకా జోరుగా వచ్చింది. చేతికందిన గలీబు తీసి అదిమింది. అదిమి, ఆగిందేమోనని తీసి చూసింది. మళ్ళీ చిమ్మింది. మళ్ళీ అదిమింది, మళ్ళీ తీసింది. తెల్ల గలీబు తెల్లగా ఎక్కడా మిగల్లేదు.

"అయ్యో, లాడ్జి వాళ్ళ గలీబే అది! పాతగుడ్డ తీసుకోవే," అంది అత్త.

సరిగ్గా అప్పుడు గుమ్మంలోకి మాస్టారు వచ్చారు. ఎప్పుడో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, చొక్కాల కోసం వచ్చారు. ఎండైనా వానైనా చేతిలో గొడుగుంటుంది. "అమ్మా, నా చొక్కాలు అయ్యా..." అని మొదలుపెట్టి, కాలి కింద ఏదో జిగటగా తగిలి ఆగిపోయారు. గచ్చు చూశారు, కోడలి మొహం చూశారు. గొడుగు చేతిలోంచి జారి పడింది.

"ఎవరు... ఎవరు పొడిచారు?"

"ఎవరూ పొడవలేదు మాస్టారూ! నరం చిట్లింది. ఫోన్ చేయండి, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి!"

ఇప్పుడొచ్చింది ఆమెకి గొంతు. ఆ అరుపుకి తనే ఉలిక్కిపడింది.

మాస్టారు ఫోన్ తీశారు. ఒకసారి తప్పు నంబరు నొక్కారు. రెండోసారి కలిసింది. కాలి మీద ఉబ్బిన నరం చిట్లిందనీ, దుకాణం ఎక్కడుందో, ఏ మలుపు తిరగాలో చెప్పి, ఫోన్ స్పీకర్ పెట్టి బల్ల అంచున ఉంచారు. అటునుంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. తొందర లేదు, కంగారు లేదు.

"బండి బయలుదేరిందమ్మా. అది వచ్చేదాకా నేను లైన్లోనే ఉంటాను. పేషెంటు ఎలా ఉన్నారు, కూర్చునా, పడుకునా?"

"కూర్చోబెట్టాను."

"ముందు పడుకోబెట్టండి. నేల మీదే, వెల్లకిలా. వెంటనే."

కోడలూ మాస్టారూ కలిసి అత్తని గచ్చు మీదికి దించారు. తన నెత్తురులోనే పడుకోవాల్సి వచ్చింది ఆవిడకి. "నైటీ అంతా..." అని ఏదో అనబోయి ఊరుకుంది.

"పడుకోబెట్టామండీ."

"నెత్తురొచ్చే కాలు పైకి ఎత్తండి. గుండె కంటే ఎత్తులో ఉండాలి. కాలు కింద ఉన్నంతసేపూ ఆగదు. ఒకరు కాలు పట్టుకోండి, ఒకరు గాయం నొక్కండి."

మాస్టారు ఇంకో మాట లేకుండా మోకాళ్ళ మీద కూర్చుని, అత్త కాలు ఎత్తి తన భుజం మీద పెట్టుకున్నారు. ఉతికిన తెల్లచొక్కా మీద.

"వద్దు మాస్టారూ, వద్దు! మీ భుజం మీద నా కాలా! కళ్ళు పోతాయి నాకు!" అత్త లేవబోయింది.

"పడుకోండమ్మా మీరు! కళ్ళు తర్వాత, ముందు ప్రాణం!" అని గద్దించారు మాస్టారు. ఆయన అంత గట్టిగా మాట్లాడగలరని వాళ్ళకి తెలీదు.

"నొక్కుతున్నారా అమ్మా?" అంది ఫోన్లో గొంతు.

"నొక్కుతున్నాను. గుడ్డ తడిసిపోయింది. తీసి వేరేది పెట్టనా?"

"తీయకండి. తీస్తే, గడ్డకట్టబోతున్నది కూడా ఊడిపోతుంది. దాని మీదే ఇంకో శుభ్రమైన గుడ్డ వేయండి. నెత్తురు సరిగ్గా ఏ చోటునుంచి వస్తోందో ఆ చోటు మీదే అరచేతి మొదలు ఆనించి, మీ బరువంతా వేసి నొక్కండి. నొప్పి పుడుతుందేమోనని చూడకండి. ఆగిందా లేదా అని కూడా చూడకండి."

శుభ్రమైన గుడ్డకి కరువేముంది అక్కడ? మాస్టారు చెయ్యి చాచి గలీబుల దొంతర్లోంచి ఒకటి లాగి ఇచ్చారు. ఇస్త్రీ వేడి ఇంకా ఆరలేదు దాని మీద. కోడలు నాలుగు మడతలు వేసి, తడిసిన దాని మీద పెట్టి, మోచేతులు వంచకుండా పైనుంచి బరువు వేసి నొక్కింది.

"పైన తాడుతో బిగించి కట్టమంటారా?" అని మాస్టారు అడిగారు.

"వద్దండీ. ఇది ఉబ్బిన నరం అంటున్నారు కదా. పైన కట్టేస్తే ఒక్కోసారి ఇంకా ఎక్కువ వస్తుంది. కాలు పైకి ఎత్తి, గట్టిగా నొక్కితే ఆగుతుంది. కాలు ఆనించడానికి ఏదైనా ఉందా? మీరెంతసేపని మోస్తారు?"

మూటలున్నాయి. మాస్టారు రెండు మూటలు కాలితోనే దగ్గరికి జరిపి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి, అత్త కాలు జాగ్రత్తగా వాటి మీదికి మార్చారు. కోడలి చేతులు కాలితోపాటే కదిలాయి, గుడ్డని వదల్లేదు.

అప్పుడొచ్చింది వాసన.

"పెట్టె! పెట్టె బోర్లా పెట్టేశాను!" అంది అత్త. "దుప్పటి మాడిపోతోంది, చూడవే!"

బల్ల మీదనుంచి పొగ లేస్తోంది. కోడలి ఒళ్ళంతా అటు లాగింది. ఇన్నేళ్ళ అలవాటు మరి. మాడు వాసన వస్తే ఆలోచన కంటే ముందు చెయ్యి వెళుతుంది. ఒక చెయ్యి సగం లేచింది కూడా.

"ఏం జరుగుతోందమ్మా అక్కడ?"

"ఇస్త్రీ పెట్టె... దుప్పటి కాలుతోంది..."

"మీరు చేతులు తీయకండి. ఇంకొకరున్నారుగా, వాళ్ళు చూసుకుంటారు. మీ పని అది ఒక్కటే."

మాస్టారు లేవబోయారు. గచ్చు మీద కాలు జారి మళ్ళీ కూలబడ్డారు. ఇక లేచే ప్రయత్నం మానేసి, పక్కనే పడి ఉన్న గొడుగు అందుకుని, దాని వంపు పిడిని వైరుకి తగిలించి ఒక్క గుంజు గుంజారు. ప్లగ్గు ఊడింది, పెట్టె బల్ల మీద పక్కకి ఒరిగింది. దుప్పటి మీద పెట్టె ఆకారంలో నల్లటి మచ్చ, దాని అంచుల్లో మిణుకు మిణుకుమంటూ నిప్పు. ఆయన గోడ పట్టుకుని లేచి, నీళ్ళ సీసా తీసి, మొక్కకి పోసినట్టు దాని మీద మొత్తం కుమ్మరించారు.

"ఆరిపోయింది," అన్నారు ఎవరితోనో.

దుకాణం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం ఎక్కడిదో కోడలికి వెంటనే అంతుబట్టలేదు. తర్వాత అంతుబట్టింది. అత్త మాట్లాడటం లేదు.

ఆవిడ మొహం ఉతికిన దుప్పటి కంటే తెల్లగా ఉంది. నుదుటి మీద చెమట. కళ్ళు మూతలు పడుతున్నాయి.

"మాట్లాడటం లేదండీ! మా అత్తయ్య మాట్లాడటం లేదు!"

"ఊపిరి ఉందా?"

"ఉంది. ఒళ్ళు చల్లగా అవుతోంది."

"ఏదైనా కప్పండి, వెచ్చగా ఉంచండి. నీళ్ళు గానీ ఇంకేదైనా గానీ తాగించకండి. పలకరిస్తూ ఉండండి. బండి మీ వీధి చివరికి వచ్చేసింది."

మాస్టారు మంచి దుప్పటి ఒకటి విప్పి అత్త మీద గొంతు దాకా కప్పారు. అలా తెల్లదుప్పటి కప్పుకుని కదలకుండా ఉన్న ఆవిడని చూసి కోడలు ఇంకా గట్టిగా నొక్కింది.

"అత్తయ్యా. అత్తయ్యా, ఇటు చూడండి."

ఉలుకూ పలుకూ లేదు.

ఇన్నేళ్ళలో ఆవిడ నోరు మూయించాలని ఎన్ని ఉపాయాలు పన్నిందో, తెరిపించడానికి అన్నీ వెతుక్కుంది కోడలు. బతిమాలితే పలికే మనిషి కాదు. ఆవిడ పలకాలంటే ఒకటే దారి.

"మీ కొడుక్కి ఒక చొక్కా మడత పెట్టడం రాదు," అంది కోడలు. "ఏం నేర్పారు మీరు? ఇంత వయసొచ్చింది, కాలరు ఎటో చేతులు ఎటో తెలీదు."

అత్త కనురెప్పలు కదిలాయి.

"మీరు మడత పెట్టిన దుప్పట్లూ అంతే. నాలుగు మూలలూ నాలుగు దిక్కులు చూస్తుంటాయి. రోజూ మీరు చూడకుండా నేనే సరిచేస్తాను."

పెదవులు విడ్డాయి. "అబద్ధం..."

"నిజం. మాస్టారిని అడగండి."

"నన్నెందుకమ్మా మధ్యలో..." అన్నారు మాస్టారు. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు.

"నా మడత... కొలబద్ద పెట్టి చూసుకోవచ్చు," అంది అత్త. ఒక్కో మాటకీ మధ్య చాలా ఖాళీ. "నీది... బుట్టలో కుక్కినట్టు..."

"ఇంకా చెప్పండి. బుట్టలో కుక్కినట్టు, ఇంకా?"

బండి ఆగిన చప్పుడు వినపడింది. ఇద్దరు లోపలికి పరిగెత్తుకొచ్చారు. వాళ్ళలో మగమనిషి గచ్చు మీద నెత్తురు చూసి ఒక్క క్షణం ఆగి, కోడలి పక్కన గొంతుకూర్చున్నాడు. "బాగా పట్టుకున్నారమ్మా. నేను చెప్పేదాకా తీయకండి." గుడ్డల మీంచే పాదం నుంచి పైదాకా గట్టిగా కట్టు చుట్టుకుంటూ వచ్చి, "ఇప్పుడు వదలండి," అన్నాడు.

ఆమె వదల్లేదు. వదలకూడదని కాదు, వేళ్ళు రావడం లేదు. అతను ఒక్కో వేలూ విప్పాల్సి వచ్చింది.

అత్తని స్ట్రెచర్ మీద బయటికి తెస్తుండగా కొడుకు స్కూటర్ వచ్చి ఆగింది. అతనికి ముందు కనిపించింది తల్లి కాదు, గుమ్మంలో నిలబడ్డ పెళ్ళాం. మోచేతుల దాకా ఎరుపు, చెంప మీద ఎరుపు, జుట్టులో ఎరుపు. స్కూటర్ స్టాండు వేయకుండానే వదిలేశాడు, అది పక్కకి పడిపోయింది. పరిగెత్తుకొచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాడు.

"ఎక్కడ తగిలింది? ఎక్కడ? చెప్పు!"

"నాకు కాదు. అత్తయ్యకి."

అతను తిరిగి చూశాడు. స్ట్రెచర్ చూశాడు. ఒక్క అంగలో వెళ్ళి దాని అంచు పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో అత్తకి నెత్తురు ఎక్కించారు, చిట్లిన చోట కుట్లు వేశారు. సాయంత్రానికి మొహంలో రంగు తిరిగింది. కొడుకునీ కోడలినీ పిలిచి డాక్టరమ్మ చెప్పింది: "ఈ నరాలు చిట్లితే నొప్పి ఉండదు. అదే ప్రమాదం. చాలామంది నీళ్ళనుకుంటారు, చెమటనుకుంటారు. నిలబడే ఉంటే, కాసేపట్లో కళ్ళు తిరిగి పడిపోయేవారు. ఆ తర్వాత కష్టమయ్యేది. నెత్తురు బాగానే పోయింది. నొక్కి పట్టినవాళ్ళెవరు?"

కొడుకు పెళ్ళాం వైపు చూశాడు. ఆమె తన చేతుల వైపు చూసుకుంటోంది. అప్పటికి చాలాసార్లు కడుక్కుంది. గోళ్ళ చుట్టూ సన్నటి గీత పోలేదు.

నర్సు కట్టు మార్చడానికి వచ్చి దుప్పటి తొలగించింది. "కాస్త బయట ఉంటారా?" అని కొడుకుని అడిగేలోపే అతను చూసేశాడు. తల్లి కాళ్ళు మోకాళ్ళ దాకా చూడటం అతనికదే మొదటిసారి. మోకాలి వెనకనుంచి చీలమండ దాకా నరాలు వేళ్ళంత లావున మెలికలు తిరిగి, ముడులు పడి, నీలంగా ఉబ్బి ఉన్నాయి. చీలమండ చుట్టూ చర్మం కాలిపోయినట్టు నల్లబడింది.

"ఇవి ఎప్పట్నుంచమ్మా?"

"నువ్వు కడుపులో ఉన్నప్పట్నుంచి," అంది అత్త.

అతను మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాడు.

"మరి... ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పనురా? నిలబడితే ఉబ్బుతాయి, పడుకుంటే తగ్గుతాయి. మొదట్లో పొద్దున లేచేసరికి ఉండేవి కావు. ఉండనిదాన్ని ఎవరికి చూపించను?"

అంతవరకు నిబ్బరంగా ఉన్న కోడలికి అప్పుడు వణుకు మొదలైంది. ముందు చేతులు, తర్వాత దవడ, తర్వాత ఒళ్ళంతా. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. నర్సు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, తియ్యటి టీ తెచ్చి చేతిలో పెట్టింది. టీ సగం ఒళ్ళోనే ఒలికింది.

"నాదా, అని అడిగారు," అంది ఆమె, ఎవరి వైపూ చూడకుండా. "నా మొహం చూసి, ఇది నాదా, అని అడిగారు." అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. అత్త మంచం మీంచి చెయ్యి చాచింది. అందలేదు. కొడుకు కుర్చీతో సహా పెళ్ళాన్ని దగ్గరికి జరిపాడు.

మూడో రోజు అత్తని ఇంటికి పంపారు. నెల తిరిగాక ఆ నరాలకి చికిత్స చేయాలన్నారు. అప్పటిదాకా బిగుతైన మేజోళ్ళు, గంటల తరబడి నిలబడకూడదు, పడుకుంటే కాలు దిండు మీద ఉండాలి. మళ్ళీ ఎప్పుడైనా చిట్లితే వెంటనే పడుకోవాలి, కాలెత్తాలి, నొక్కాలి. ఒంటరిగా ఉన్నా సరే తన చేత్తోనే నొక్కుకుని కేకేయాలి. ఇది ముగ్గురిచేతా చెప్పించుకుంది డాక్టరమ్మ.

అత్త రాకముందే ముందుగదిని కొడుకు ఒక్కడే కడిగేశాడు. మాస్టారు వచ్చి సాయం చేయబోతే, ఆయన్ని కూర్చోబెట్టి కొత్త చొక్కా ఒకటి చేతిలో పెట్టాడు. ఆయన వద్దన్నారు, కానీ పట్టుకునే వెళ్ళారు.

అత్త ఇంటికొచ్చిన రోజు సాయంత్రం కోడలు స్నానానికి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి, తడి జుట్టుతోనే మొగుడి ముందు నిలబడింది.

"ఒకసారి చూడండి," అని వెనక్కి తిరిగి, పిక్క మీంచి బట్ట పైకి లాగింది.

మోకాలి కింద సన్నటి నీలపు గీతలు, ఊడిన దారాల్లా. ఒకచోట మాత్రం కాస్త ఉబ్బుగా ఉంది. అతను కింద కూర్చుని, బల్బు వెలుగు పడేలా ఆమె కాలు అటు తిప్పి, వేలితో నొక్కి చూశాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

నొప్పి లేదన్న ఆ మాట ఇద్దరికీ ఒకేసారి తగిలింది. అతను తలెత్తి ఆమెని చూశాడు.

"రేపు పొద్దున్నే వెళదాం," అన్నాడు. "దుకాణం మూసేసి వెళదాం."

లోపలి గదిలోంచి, దిండు మీద కాలెత్తుకుని పడుకున్న అత్త కేకేసింది:

"ఏంట్రా గుసగుసలు? ఏం చూపిస్తోంది? ఇటు రమ్మను దాన్ని, నేనూ చూడాలి!"

కోడలు బట్ట కిందికి దించకుండానే అత్త గదిలోకి నడిచింది.